వెర్నియర్ పట్టుకొని కూసున్న సారుతోని ఎట్ల ఏగాలె?

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ఇయ్యాల కూడ మోడల్ రైళ్ల ముచ్చటే. కాని ఇంజన్ల గురించి కాదు, ఇంజన్ల చుట్టూ ఉండే మనుషుల గురించి.

మహబూబ్‌నగర్‌ల మేం ఏడెనిమిది మందిమి కలిసి ఒక అర్ర కిరాయికి తీసుకున్నం. పది అడుగులకు పన్నెండు. అండ్ల హెచ్‌ఓ స్కేల్ లేఅవుట్ (పట్టాలు, స్టేషన్లు పెట్టిన బొమ్మ లైన్), అంటే అసలు రైల్ల 87వ వంతు. మా అందర్ల ఒక పెద్దసారు ఉన్నడు, రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్. అందరి జేబుల పెన్నుంటే ఆయన జేబుల వెర్నియర్ ఉంటది, అంటే మస్తు సన్నగ కొలిచే పనిముట్టు.

ఇంటర్ చదివే పిలగాడొకడు నెల రోజులు కూసొని అట్టముక్కలతోని స్టేషన్ చేసుకొచ్చిండు. పసుపు బోర్డు, నల్లక్షరాలు, మూడు భాషలు. మస్తు ముద్దుగుంది. సారు కండ్లద్దాలు సదురుకొని వంగి చూసి, "సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాయలేదేంరా?" అన్నడు. అసలు బోర్డు మీద అది 10 సెంటీమీటర్ల అక్షరం అనుకున్నా, మా స్కేల్ల మిల్లీమీటరు మీద జరంత. ఎవలు రాస్తరు, ఎవలు చదువుతరు? పిలగాడు సప్పుడు చేయకుండ స్టేషన్ డబ్బాల పెట్టుకొని పోయిండు. మూడు ఆదివారాలు మొఖం చూపియ్యలే.

సారు చెప్పేది తప్పయితే కొట్లాడొచ్చు. తప్పు కాదు, గదే లొల్లి! నేను ఆవిరింజన్ పెడితే, "మన పాలమూరు లైన్ మీటర్ గేజ్ ఉన్ననాటిది, కరెంటు తీగల కింద ఎట్ల నడుపుతవ్?" అన్నడు. నిజమే మరి, పట్టాల ఎడం పెంచి లైన్ బ్రాడ్ గేజ్ చేసిందే 1990లల్ల, తీగలు అటెన్క ఎప్పటికో వచ్చినయ్.

అందుకని ఆయన లెక్కలే ఆయన ముంగట పెట్టిన. "సార్, బ్రాడ్ గేజ్ల పట్టాల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లు. 87తోని భాగిస్తే 19.26. మన పట్టాలు 16.5. ఇగ వంపు సంగతి. అసల్ది 175 మీటర్ల వ్యాసార్థం కన్న తగ్గొద్దు, మన లెక్కల 2 మీటర్లు. బండి గుండ్రంగ తిరగాలంటె 4 మీటర్ల జాగ గావాలె. గోడ పగలగొడదామా? ఇంటాయనతోని మీరే మాట్లాడుండ్రి." సారు నవ్విండు. ఆయన నవ్వంగ సూసుడు నాకు గదే మొదటిసారి.

అటెన్క పట్టాలు, చక్రాలు ఆయనకే అప్పజెప్పినం. పట్టాలు చీలే పాయింట్ కాడ రోజూ పడిపోయే పెట్టె ఒకటుండె. చక్రాల నడుమ లోపలి దూరం దాదాపు 14.5 మిల్లీమీటర్లు ఉండాలె, దానికి తక్కువుందని పట్టిండు. జర జరిపిండు, అంతే, మళ్ల పడలే. గక్కడ ఆయన పట్టుదల బంగారం. బోర్డులు, చెట్లు, రంగులు మాత్రం ఎవలియి వాళ్లయే. అడిగితేనే చెప్పాలె. బండ్లు తిరిగేటప్పుడైతే అస్సలు చెప్పొద్దు.

పిలగాన్ని ఇంటికి పోయి తోల్కొచ్చిన. బోర్డు మీద ఎత్తు ఇప్పటికీ లేదు. మొన్న ఆదివారం దాని ముంగట బండి ఆగంగనే సారు నోరు తెరిచిండు, నా దిక్కు చూసిండు, మూసిండు. చాయ్ తాగొస్త అని బయటికి పోయిండు.