తరగతి ముగిసిన తరువాతి చదువు

శ్రోతలందరికీ నమస్కారం.

1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, విజ్ఞానశాస్త్రాల విద్యా పరిశోధనా సంస్థ అయిన ఐసర్. ఇలా ఒక్క తిరుపతి చుట్టూనే ఇన్ని ఉన్నత విద్యాసంస్థలు వెలిశాయి. విద్యార్థుల చదువును ప్రాంగణమంతటా మెరుగుపరచాలని ఏ విశ్వవిద్యాలయమైనా సంకల్పించినప్పుడు ముందుగా ఒక ప్రణాళిక రాసుకుంటుంది. కొత్త ప్రయోగశాలలు, డిజిటల్ బోర్డులు, గ్రంథాలయంలో కంప్యూటర్లు, అధ్యాపకులకు శిక్షణ అందులో ఉంటాయి. అవన్నీ కావలసినవే. కానీ విద్యార్థి తరగతి గది దాటిన తరువాత ఎక్కడ కూర్చుని చదువుతున్నాడు, ఎవరితో కలిసి చదువుతున్నాడు అనే ప్రశ్నకు ఆ కాగితాలలో సాధారణంగా చోటు దొరకదు. ప్రణాళిక ఆ ప్రశ్నతోనే మొదలు కావాలని నా అభిప్రాయం. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. గణితం బోధించేవారికి ఇది ఎంతో ఇష్టమైన ఉదాహరణ, నాకు మరీ ఇష్టం.

1970లలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూరీ ట్రీస్మన్ అనే గణిత పరిశోధక విద్యార్థి ఉండేవాడు. అక్కడ మొదటి సంవత్సరం కాల్క్యులస్ పరీక్షలో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పేవారు, చైనా మూలాలున్న విద్యార్థులు చక్కగా నెగ్గేవారు. కారణమేమిటని అధ్యాపకులను అడిగితే, వారికి చదువుపై శ్రద్ధ లేదనో, ఇంట్లో ప్రోత్సాహం లేదనో, బడిలో పునాది గట్టిగా పడలేదనో, పేదరికమనో చెప్పారు. ట్రీస్మన్ ఆ మాటలను నమ్మి ఊరుకోలేదు. ఇరవై మంది నల్లజాతి విద్యార్థులను, ఇరవై మంది చైనా మూలాల విద్యార్థులను ఎంచుకొని, వారి గదులకు వెళ్లి, గ్రంథాలయంలో వారి పక్కన కూర్చుని, వారు ఎలా చదువుతున్నారో నెలల తరబడి గమనించాడు.

అధ్యాపకులు చెప్పిన కారణాలు నిలబడలేదు. ఆ నల్లజాతి విద్యార్థులలో చాలామంది తమ బడులలో మంచి మార్కులతో ముందు నిలిచినవారే, ఇంటివారు ఎంతో ఆశతో పంపినవారే. వారు పాఠాలకు వచ్చేవారు, ఇంటిపని చేసేవారు. అయితే ఒంటరిగా చదివేవారు. స్నేహితులు వేరు, చదువు వేరు. బడిలో వారిని గెలిపించినది ఆ ఒంటరి చదువే కాబట్టి దానిని వదలవలసిన అవసరమే వారికి కనిపించలేదు. రెండవ వర్గంవారు మాత్రం మొదట ఎవరికి వారు లెక్కలు చేసుకొని, సాయంత్రం నలుగురూ చేరి, ఒకరి జవాబును మరొకరు దిద్దుకొనేవారు. ఒక లెక్క ఆ నలుగురిలో ఎవరికీ రాకపోతే, అది నిజంగా కఠినమైన లెక్క అని వారికి తెలిసేది. ఒంటరిగా చదివేవాడికి అది తెలిసే దారి లేదు. లోపం తనలోనే ఉందనుకొని కుంగిపోతాడు. ఈ ఒక్క తేడాను శ్రోతలు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఆ తరువాత ట్రీస్మన్ చేసిన ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చినది ఒకటుంది. వెనుకబడినవారికి ప్రత్యేక తరగతి అనే పేరు అతను పెట్టలేదు. ప్రతిభావంతుల కోసమని చెప్పి ఆహ్వానించి, పరీక్షలో వచ్చేవాటికంటే కఠినమైన లెక్కలు ఇచ్చి, చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి చేయించాడు. అందులో చేరిన నల్లజాతి విద్యార్థుల ఫలితాలు స్పష్టంగా మెరుగయ్యాయి, అమెరికాలో మరెన్నో విశ్వవిద్యాలయాలు ఆ పద్ధతిని చేపట్టాయి.

ఇక మన దగ్గరకు వద్దాం. పుంగనూరు నుంచో, సత్యవేడు నుంచో, కుప్పం దగ్గరి పల్లె నుంచో వచ్చిన విద్యార్థి తన బడిలో మొదటి స్థానంలో నిలిచి ఉంటాడు. ఇంటర్ వరకు తెలుగులో చదివి, ఇక్కడ ఇంగ్లీషు పాఠం ముందు మౌనంగా కూర్చుంటాడు. సందేహం అడిగితే నవ్వుతారేమోనని భయం. అతని పేరును తప్పినవారి జాబితాలో చేర్చి, రెమెడియల్ క్లాసుకు రమ్మని నోటీసు బోర్డులో అంటిస్తే, ఆ భయం సిగ్గుగా మారుతుంది. అదే నలుగురి మధ్య కూర్చుంటే, ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నను తెలుగులో చర్చించుకొని, జవాబును మళ్లీ ఇంగ్లీషులో రాసుకోవచ్చు. అర్థం చేసుకోవడం తెలుగులో జరిగితే తప్పేమీ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి ప్రణాళిక రాసేవారికి నా విన్నపం ఒక్కటే. ప్రతి విభాగమూ మొదటి సంవత్సరంలో ఎక్కువమంది తప్పుతున్న ఒకే ఒక్క పేపరును ఎంచుకోవాలి. అది ఏదో పరీక్షల విభాగంలోని మార్కుల జాబితాలే చెబుతాయి. ఆ పేపరుకు వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు, బృందాలుగా సమస్యలు చేసే సమయం కేటాయించాలి. ఆ సమయాన్ని టైంటేబుల్‌లోనే చేర్చాలి. శ్రీకాళహస్తి, పుత్తూరు, చంద్రగిరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే విద్యార్థులు ఉన్నారు; సాయంత్రం ఆలస్యంగా పెడితే వారు, వారిలోనూ ముఖ్యంగా ఆడపిల్లలు, రాలేరు. హాస్టల్ విద్యార్థుల కోసం మాత్రం రాత్రి ఎనిమిది వరకు కొన్ని తరగతి గదులను, దీపాలతో, ఒక కాపలాదారుతో తెరిచి ఉంచవచ్చు. అధ్యాపకుడు అక్కడ పాఠం చెప్పకూడదు. ఆలోచించదగిన ప్రశ్నల కాగితం తయారుచేసి ఇవ్వాలి, అది సులభమైన పని కాదు. బృందాల మధ్య తిరుగుతూ అవసరమైనప్పుడు ఒక సూచన ఇవ్వడానికి పీజీ విద్యార్థి ఒకరుంటే చాలు. అతనికి కొంత పారితోషికం ఇవ్వాలి.

మొదటి ఇంటర్నల్ పరీక్ష అయిన తరువాత మార్కులతోపాటు మరొక ప్రశ్న కూడా అడగాలి: ఈ నెలలో మీరు ఎవరితో కలిసి చదివారు? పేరు రాయనవసరం లేని చిన్న చీటీ మీద జవాబు తీసుకొంటే చాలు. ఎవరితోనూ లేదు అని రాసినవారు ఎంతమందో విభాగాధిపతికి తెలిసినప్పుడు, రెండవ సెమిస్టరులో బృందాలను ఎలా కూర్చాలో ఆయనకు తెలుస్తుంది.

సెలవు. నమస్కారం.