బెల్‌గ్రేడ్ స్టిక్కర్ల ఖర్చు ఎవరిది?

అందరికీ నమస్కారం. జనం రోడ్డెక్కితే చాలు, అధికారంలో ఉన్నవాళ్ల నోట ముందు వచ్చేది "విదేశీ హస్తం". ఇందిరాగాంధీ కాలం నుంచీ వింటున్నాం కాబట్టి మనలో సగం మంది నవ్వేస్తారు, మిగతా సగం నమ్మేస్తారు. ఆ హస్తం నిజంగానే ఉన్న సంగతి ఒకటి చెబుతాను. సెర్బియా, 2000.

సెర్బియా అప్పట్లో యుగొస్లావియాలో భాగం, దానికి అధ్యక్షుడు మిలోషెవిచ్. యుద్ధాలు, ఆంక్షలు, ముందు ఏడాదే నాటో బాంబులు, జనం విసిగిపోయి ఉన్నారు. 1998లో విద్యార్థులు పెట్టుకున్న సంఘం పేరు ఓత్‌పోర్, గుర్తు బిగించిన పిడికిలి. ఒకసారి వీళ్లు రాజధాని బెల్‌గ్రేడ్ నడివీధిలో ఓ పీపా పెట్టి, దాని మీద మిలోషెవిచ్ మొహం అంటించి, చిల్లర వేసి కర్రతో ఒక్కటి బాదండి అని పక్కకి తప్పుకున్నారు. షాపింగ్‌కి వచ్చినవాళ్లు వరసకట్టి బాదారు, పోలీసులొచ్చి ఎవర్ని పట్టుకోవాలో తెలీక పీపానే పట్టుకుపోయారు! ఈ చమత్కారం మాత్రం వాళ్ల సొంతం, ఎవరో నిధులిస్తే వచ్చేది కాదు.

కానీ ఎన్నికల ముందు ఊరూరా కనిపించిన "వీడి పని అయిపోయింది" స్టిక్కర్లు ఉన్నాయే, దాదాపు 25 లక్షలు, అవి అమెరికా డబ్బు. గోడ రాతలకి 5,000 స్ప్రే డబ్బాలూ అంతే. బుడాపెస్ట్ హోటల్లో ఈ కుర్రాళ్లకి క్లాసులు చెప్పింది రాబర్ట్ హెల్వీ అనే రిటైర్డ్ అమెరికన్ కల్నల్. మిలోషెవిచ్ వ్యతిరేక ప్రచారానికి అమెరికా పెట్టిన మొత్తం ఖర్చు 4 కోట్ల డాలర్లు దాటిందని ఆ డిసెంబరులో వాషింగ్టన్ పోస్ట్ రాసింది.

ఈ డబ్బు సంగతి ఓత్‌పోర్ నాయకులు అప్పట్లో గుట్టుగానే ఉంచారు. నా అభ్యంతరం అక్కడే. పోస్టరు అంటిస్తూ దొరికిపోయి స్టేషన్లో దెబ్బలు తినే పిల్లాడికి ఆ పోస్టరు డబ్బులు ఎవరివో తెలియాలా వద్దా? పైగా ఆ ఇచ్చింది, ఏడాది క్రితం అతని ఊరి మీద బాంబులు వేసిన కూటమికి పెద్ద దిక్కయిన దేశం. ఇక ప్రతిపక్షం మిలోషెవిచ్ మీద పోటీకి నిలబెట్టిన కోష్టునీత్సా ఆ బాంబుల్ని గట్టిగా తిట్టిన మనిషి, అది ఆయనకి ఓట్లు తెచ్చింది కూడా.

అలాగని మిలోషెవిచ్‌ని డాలర్లే దించేశాయంటే నేనొప్పుకోను. సెప్టెంబరు 24 ఎన్నికల లెక్కల్లో మోసం జరిగిందని తెలిశాక కొలుబారా బొగ్గు గనుల కార్మికులు సమ్మెకి దిగారు, అక్టోబరు 5న చాచక్ లాంటి ఊళ్ల నుంచి జనం బుల్డోజర్ వెంటేసుకుని మరీ రాజధానికి వచ్చారు. అంత కోపం స్టిక్కర్లతో పుట్టదు.

తర్వాత ఓత్‌పోర్ పార్టీగా మారి 2003 డిసెంబరులో పోటీ చేస్తే రెండు శాతం ఓట్లు కూడా పడలేదు.