కడప గ్రానైట్ అని వెతికేవాళ్ళకు ఏం చూపించాలి?

కడపలో ఒక స్టూడియోలో జరిగిన చర్చ ఇది. కూర్చున్నవాళ్ళు ముగ్గురు: వెబ్‌సైట్లను గూగుల్‌లో పైకి తెచ్చే ఎస్‌ఈఓ పనిచేసే కుర్రాడు, ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చిన నాపరాళ్ళ వ్యాపారి, వినియోగదారుల కేసులు వాదించే న్యాయవాది. పరిచయాలు, పొగడ్తలు వదిలేసి అసలు మాట మొదలైన చోటి నుంచి రాస్తున్నాను.

వ్యాఖ్యాత: అన్నా, మీ వెబ్‌సైట్ మూడు నెలలు గూగుల్‌లో కనపడకుండా పోయిందంట. ఏం జరిగింది?

వ్యాపారి: ఏం చెప్పేది సార్, నా తెలివితక్కువతనం. ఒక ఏజెన్సీ వాళ్ళొచ్చి మొదటి పేజీలో పెడతామన్నారు. డబ్బులిచ్చినా. కొన్నాళ్ళు ఫోన్లు బాగానే వచ్చినాయి. ఉన్నట్టుండి ఒక్క ఫోనూ లేదు. మా పిల్లోడు చూస్తే ఏముంది, పేజీ అడుగున తెల్ల రంగు మీద తెల్ల అక్షరాలతో హొసూరు, బళ్ళారి, చిత్తూరు అని ఊర్ల పేర్లన్నీ కుక్కిపెట్టినారు. మా ఎదురంగడి పేరు కూడా ఉండాది అందులో!

ఎస్‌ఈఓ: హిడెన్ టెక్స్ట్ అన్నా అది. శానా పాత దొంగతనం. సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే పేజీలో మాన్యువల్ యాక్షన్ అని, అంటే శిక్ష వేసినామని నోటీసు వచ్చుంటాది, ఎవరూ చూసుండరు. ఆ చెత్త తీసేసి, తీసేసినామని గూగుల్‌కు అర్జీ పెట్టుకోవాల. దీనికి పెద్దా చిన్నా లేదు. 2006లో జర్మనీ బీఎండబ్ల్యూ సైట్‌నే గూగుల్ తీసేసింది. వాళ్ళు గూగుల్‌కు ఒక పేజీ, మనిషికి ఇంకో పేజీ చూపించినారు. డబ్బిచ్చి లింకులు పెట్టించుకోవడమూ గూగుల్ లెక్కలో తప్పే. 2012లో తన బ్రౌజర్ క్రోమ్ ప్రచారం కోసం డబ్బిచ్చి రాయించిన రాతల్లో క్రోమ్ పేజీకి లింకు బయటపడితే, గూగుల్ తన సొంత పేజీనే 60 రోజులు కిందికి తోసుకోవాల్సి వచ్చింది.

న్యాయవాది: సరే, అది తప్పేనని అందరమూ ఒప్పుకున్నాం. మరి మీ కార్డు మీదేమో 'వివాదాస్పద పద్ధతులను నీతిగా వాడటం' అని ఉంది. నాకైతే పద్ధతిగా జేబు కొట్టడం అన్నట్టుంది.

ఎస్‌ఈఓ: మేడమ్, ఒక్క మాట. మన కడప రాయి గ్రానైటా?

వ్యాపారి: యాడ గ్రానైటప్పా! సున్నపురాయి.

ఎస్‌ఈఓ: బెంగళూరులో ఇల్లు కట్టుకునే మనిషి ఏమని కొడతాడు? 'కడప గ్రానైట్' అనే. నాపరాయి అని కొట్టేవాళ్ళు ఎంతమంది? ఇప్పుడు ఆ తప్పు పేరు మీద పేజీ పెట్టాల్నా, వద్దా?

న్యాయవాది: వద్దు. సున్నపురాయికి గ్రానైట్ అని పేరుపెట్టి అమ్మితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది తప్పుదారి పట్టించే ప్రకటన.

ఎస్‌ఈఓ: అమ్మమనలేదు మేడమ్. 'కడప రాయి గ్రానైటేనా?' అని శీర్షిక పెట్టి, మొదటి వాక్యంలోనే కాదు అని చెప్పమంటాండా. ఆ తర్వాత...

వ్యాపారి: నిమ్మకాయ!

న్యాయవాది: నిమ్మకాయేంటి?

వ్యాపారి: మా అంగట్లో రోజూ చేసేదే మేడమ్. పాలిష్ పట్టిన నల్ల కడప బండ మీద నిమ్మరసం చుక్కేసి, కాసేపాగి తుడిస్తే మెరుగు పోయి మచ్చ తేల్తాది. గ్రానైట్‌కు అట్లా కాదు. వంటగట్టుకు కావాలని వచ్చినోళ్ళకు నేనే చెప్తా, చింతపండు పులుసు ఒలికితే మచ్చ పడతాదమ్మా, గట్టుకు గ్రానైట్ వేసుకోండి, అల్మరా అరలకూ వరండాకూ మా బండ తీసుకపోండి అని.

ఎస్‌ఈఓ: అన్నా, దాన్నే వీడియో తీసి పెట్టు. తప్పు పేరుతో వెతికినోడు సరైన సమాచారంతో పోతాడు. ఆ పేరు వాడినందుకు వాడికి నష్టమేముంది?

(ఇక్కడ న్యాయవాది కాసేపు మాట్లాడలేదు. కార్యక్రమం మొత్తంలో ఆమె ఆగింది ఇక్కడొక్కచోటే.)

న్యాయవాది: ఈ అన్న నిమ్మకాయ చూపిస్తారు. రేపు ఇంకొకడు శీర్షిక కాపీ కొట్టి నిమ్మకాయ వదిలేస్తాడు.

ఎస్‌ఈఓ: వదిలేస్తాడు. కాదనను.

వ్యాఖ్యాత: ఊరికో పేజీ సంగతేంటి? హొసూరులో కడప బండలు, బళ్ళారిలో కడప బండలు...

ఎస్‌ఈఓ: ఊరి పేరు మాత్రం మార్చి అవే నాలుగు వాక్యాలు దింపితే డోర్‌వే పేజీలంటారు, గూగుల్ ఒప్పుకోదు. అన్నా, హొసూరుకు లోడు పోతాదా?

వ్యాపారి: నెలకు రెండు మూడు లారీలు.

ఎస్‌ఈఓ: అయితే ఆ పేజీలో లారీ బాడుగ ఎంత, దించుకునే కూలి ఎవరిది, దారిలో పగిలిన బండలకు లెక్కెట్లా, ఇవి రాయి. మీ బండలు పరిచిన ఇంటి ఫోటో, వాళ్ళు ఒప్పుకుంటే పెట్టు. బళ్ళారికి లోడు పోకపోతే బళ్ళారి పేజీ వద్దు.

వ్యాపారి: బళ్ళారికి పోదు. (నవ్వుతూ) పోవాలని ఆశ.

న్యాయవాది: రివ్యూల మాట కూడా తేల్చండి. మేస్త్రీలతో ఐదు నక్షత్రాలు వేయించుకోవడం ఊరంతా ఉన్న జబ్బు. ఆన్‌లైన్ రివ్యూలకు 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్, ఐఎస్ 19000 అని ప్రమాణమే తెచ్చింది. అప్పుడు దాన్ని స్వచ్ఛందంగానే తెచ్చారు, నిజమే. కానీ దొంగ రివ్యూ, వినియోగదారుల చట్టం కింద తప్పుదారి పట్టించడం కాకుండా పోదు.

వ్యాపారి: సంతోషంగా పోయినోళ్ళనే రాయమని అడుగుతాం మేడమ్. అదీ తప్పేనా?

ఎస్‌ఈఓ: గూగుల్ నియమాల ప్రకారం తప్పే అన్నా. అడిగితే అందరినీ అడగాల. బండ పగిలిందని గొడవపడిన మనిషిని కూడా.

వ్యాపారి: ఆయప్పను అడిగితే నా వంశచరిత్ర రాస్తాడు!

వ్యాఖ్యాత: గూగుల్‌లో పైకి రావడానికి వేరే సైట్లలో మన సైట్‌కు డబ్బిచ్చి లింకులు కొనడం?

న్యాయవాది: దానికి ఈయనే జవాబు చెప్పాలి. మీరెప్పుడూ కొనలేదా?

ఎస్‌ఈఓ: కొన్నా మేడమ్. మొదట్లో. డబ్బిచ్చిన లింకుకు స్పాన్సర్డ్ అని గుర్తు పెట్టమని 2019లో గూగుల్ చెప్పింది. అంతకుముందు, ఈ లింకును ర్యాంకుకు లెక్కపెట్టొద్దని గూగుల్‌కు చెప్పే నోఫాలో అనే గుర్తు ఉండేది. గుర్తు పెడితే ప్రకటనగా ఉంటాది, చూసి మనుషులు రావచ్చు. ర్యాంకు కోసం కొనేవాళ్ళు అందుకే గుర్తు పెట్టరు. నేనూ పెట్టలేదు. నిమ్మకాయ పేజీ గురించి గూగుల్‌కు, కస్టమర్‌కు, మీకు కూడా బయటికి చెప్పి చేయొచ్చు. ఈ లింకుల పని చెప్పి చేస్తే పారదు. దీనికి నీతిగా చేసే దారి నాకు దొరకలేదు.

న్యాయవాది: ఈ ఒప్పుకోలు నాకు నచ్చింది. కార్డు మీద మాట మాత్రం ఇంకా నచ్చలేదు.

వ్యాఖ్యాత: అన్నా, ఇంతకీ మీ అంగడి బోర్డు మీద ఏమని ఉంది?

వ్యాపారి: (కాసేపాగి) కడప గ్రానైట్స్ అని.

(నవ్వులు)

న్యాయవాది: గ్రానైట్ కూడా అమ్ముతారా?

వ్యాపారి: అమ్ముతా మేడమ్, ఒంగోలు నుంచి తెప్పిస్తా.

న్యాయవాది: అయితే బోర్డు సంగతి తర్వాత చూద్దాం. బిల్లులో నాపరాయికి ఏమని రాస్తున్నారు?

వ్యాపారి: బిల్లులు మా పిల్లోడు కొడతాడు మేడమ్. ఇంటికి పోయినాక చూసి ఫోన్ చేస్తా.