పండగ ప్రయాణానికి ముందు కంప్యూటర్ దగ్గర ఒక అరగంట

(సంక్రాంతి సెలవులకు ముందు కోనసీమలోని ఒక గ్రంథాలయంలో ఒక కంప్యూటర్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, పిల్లలకు, గ్రంథాలయ మిత్రులకు నమస్కారం.

ఈ సమావేశం పండగకు ముందే పెట్టమని నేనే అడిగాను. కంప్యూటర్లు బాగుచేసే వృత్తిలో ఉన్నవాడిగా, కనుమ మరునాటి నుంచి నా బల్ల మీదికి ఏమేమి వస్తాయో నాకు తెలుసు. తెరుచుకోని పెన్ డ్రైవులు, ఫొటోలు మాయమైన ఫోన్లు, తాళం వేసిన ఇంట్లో ఉండి ఉండి ఇక ఆన్ కాని కంప్యూటర్లు. ఒకసారి ఒక పెద్దావిడ తన ఇంటాయన ఒళ్లో మనవరాలు కూర్చున్న ఫొటో కోసం వచ్చారు. ఆయన ఆ తరవాత ఎక్కువ కాలం లేరు. ఫొటో తీసిన ఫోను చేతిలో ఉంది, ఫొటో మాత్రం లేదు. ఆవిడకు ఏమి చెప్పాలో తెలియక నిలబడిపోయిన ఆ క్షణం వల్లే ఈ మాటలన్నీ ఎక్కడికి వెళ్లినా చెబుతున్నాను. ప్రయాణానికి ముందు ఒక అరగంట కూర్చుంటే ఈ నష్టాల్లో చాలావాటిని తప్పించుకోవచ్చు.

ముందు జగ్గన్నతోట సంగతి చెబుతాను. ప్రభల తీర్థం ఎలా ఉంటుందో మీకు వర్ణించి చెప్పనక్కరలేదు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ వీధుల్లో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఆ తీర్థమే. కనుమ నాడు 11 ఊళ్ల రుద్రులు, రంగుబట్టలు చుట్టిన ఎత్తైన వెదురు ప్రభల మీద వచ్చి, ఆ కొబ్బరితోటలో కలుస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటే ఘట్టం చూడాలని గట్టు పొడవునా జనం ముందే చోటు చూసుకుని నిలబడతారు. ఒకసారి నేనూ ఆ గట్టు మీదే ఉన్నాను. రంగుబట్టల ప్రభ కొంచెం ఒరిగి, సర్దుకుని, నీళ్లలోకి దిగింది. మోసేవాళ్ల కేకలతో కాలువ మారుమోగుతోంది. సరిగ్గా అప్పుడు నా పక్కనున్న కుర్రవాడి ఫోను స్టోరేజ్ నిండిపోయిందని చూపించింది. పాపం, అతను తలవంచుకుని పాత వీడియోలు ఒక్కొక్కటిగా చెరపడం మొదలుపెట్టాడు. తల ఎత్తేసరికి ప్రభ అవతలి గట్టు ఎక్కేసింది. హైదరాబాద్ నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడట, అదే చూడాలని.

అతని ఫోను పాతదేమీ కాదు. వీడియో ఫోర్‌కే‌లో ఉంది, అంతే. ఫోర్‌కే చిత్రంలో 1080పి కంటే నాలుగు రెట్లు ఎక్కువ పిక్సెళ్లు ఉంటాయి. ఆ తేడా సినిమా తెర మీద తెలుస్తుంది గానీ, చుట్టాలకు ఫోనులో చూపించే వీడియోలో తెలియదు. కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి 1080పి, సెకనుకు 30 ఫ్రేములు అని పెట్టుకోండి. బయలుదేరే ముందు రోజు వాట్సాప్‌లో స్టోరేజ్ మెనూ తెరవండి. ఏ గ్రూపు ఎంత చోటు తింటోందో అదే వరసగా చూపిస్తుంది. శుభోదయం బొమ్మలు పోతే ఎవరికీ నష్టం లేదు. ఫొటోలు, వీడియోలు తమంతట తామే డౌన్‌లోడ్ అయ్యే ఏర్పాటును కూడా అక్కడే ఆపేయండి.

తీసిన ఫొటోలను చుట్టాలకు వాట్సాప్‌లో పంపేసి, అక్కడ ఉన్నాయి కదా అని ఫోనులోనివి చెరిపేసేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు అనే వివరాలు కూడా అందులో ఉండవు. అసలు ఫొటోయే చేరాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. ఇరవై ఏళ్ల తరవాత ఆ ఫొటోను అచ్చు వేయించి గోడకు పెట్టుకోవాలనుకుంటే, ఈ తేడా అప్పుడు కళ్లకు కడుతుంది.

ఇంటికి వచ్చాక కాపీ చేసేటప్పుడు ఇంకో చిక్కు ఎదురవుతుంది. పెన్ డ్రైవులో చోటు ఉంటుంది, అయినా పెళ్లి వీడియో ఎక్కనంటుంది. ఫైలు మరీ పెద్దదని కంప్యూటర్ చెబుతుంది. పెన్ డ్రైవు పాడైందని దాన్ని పారేసినవాళ్లను నేను చూశాను. అది పాడవలేదు. 32 జీబీ, అంతకంటే చిన్న డ్రైవులు సాధారణంగా ఫాట్ 32 అనే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీకి లోపలే ఉండాలి. ఎక్స్‌ఫాట్ పద్ధతికి మారిస్తే ఆ హద్దు తొలగిపోతుంది. మార్చేటప్పుడు డ్రైవులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి, ముందు లోపలివి వేరేచోట దాచుకోవాలి.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఒకేచోట ఉన్న ఫొటోను దాచినట్టు లెక్కవేయకండి. ఫోనులో ఒకటి, ఇంట్లో బయటి హార్డ్ డిస్కులో ఒకటి, ఇంటికి దూరంగా ఇంకొకటి ఉండాలి. ఆ దూరపు చోటు గూగుల్ ఫొటోస్ కావచ్చు, వైజాగ్‌లో ఉన్న అన్నయ్య ఇల్లు కావచ్చు. ఇంటికి దూరంగా ఎందుకని మన ఊళ్లలో ఎవరినీ అడగనవసరం లేదు. 1996 నవంబరు తుపాను రాత్రిని చూసినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో హెచ్చరిక ఎగరేశాక లంకల్లో ఎవరు హార్డ్ డిస్కు కోసం వెతుక్కుంటారు? బియ్యం, కాగితాలు, పశువులు, పిల్లలు. అంతే కదా.

గూగుల్ వాడేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఫొటోలకే కాదు, జీమెయిల్‌కూ డ్రైవ్‌కూ కలిపి. అది నిండితే మీకు మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. రెండోది, గూగుల్ ఫొటోస్‌లో ఒక ఫొటో చెరిపితే అది ఫోనులోనూ, మీ గూగుల్ ఖాతాలోనూ, రెండుచోట్లా పోతుంది. ఫోనులో చోటు ఒక్కటే కావాలంటే, చోటు ఖాళీ చేసే మీట ఆ యాప్‌లోనే విడిగా ఉంది. బ్యాకప్ అయిన ఫొటోను పొరపాటున చెరిపితే అది 60 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. ఈ సంగతి తెలియక, వెనక్కి తెచ్చుకోగలిగిన ఫొటోలను పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఇక మీరు తాళం వేసి వెళ్లే ఇంట్లోని కంప్యూటర్. మన గాలిలో తేమ ఎక్కువ, సముద్రం వైపు ఊళ్లలో ఉప్పు కూడా. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే యంత్రాలను తెరిస్తే ర్యామ్, అంటే కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకం ఉండే పలక, దాని కాళ్లు, బంగారు రంగులో మెరవాల్సినవి, నల్లబడి కనిపిస్తాయి. కంప్యూటర్ ఆన్ చేస్తే బీప్ బీప్‌మంటుంది, తెర వెలగదు. బోర్డు పోయిందని చెప్పి వేలు గుంజేవాళ్లు ఉంటారు కాబట్టి ఇది శ్రద్ధగా వినండి. ప్లగ్ తీసేయండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి, ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోతుంది. ర్యామ్‌కు రెండువైపులా ఉన్న క్లిప్పులు వెనక్కి నొక్కితే పలక పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని తీసి, ఆ కాళ్లను పిల్లల పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా, ఒకే దిశలో రుద్దండి. రబ్బరు పొడి పొడిబట్టతో పూర్తిగా తుడిచి, మళ్లీ గాడిలో పెట్టి టక్కుమనేదాకా నొక్కండి. నా దగ్గరికి వచ్చే ఇలాంటి కంప్యూటర్లలో చాలావాటికి ఈ ఒక్క పనే సరిపోతుంది.

సఖినేటిపల్లి నుంచి ఒక మాస్టారు ఫోను చేసి, "బాబూ, నా కంప్యూటర్‌లో ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు, భద్రత లేదంటోంది" అన్నారు. తెర మీద తేదీ ఎంతుందో చూడమన్నాను. ఏళ్ల కిందటి జనవరి 1 అని చెప్పారు. బోర్డు మీద సీఆర్ 2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లనట్టు కనిపిస్తాయి. మాస్టారు నరసాపురం పంటు దాటివెళ్లి కొత్త బిళ్ల తెచ్చుకుని తనే వేసుకున్నారు. ఆ సాయంత్రం ఆయన గొంతులో వినిపించిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎక్కువ రోజులు ఊరు వెళ్తుంటే స్విచ్ కట్టేయడంతో సరిపెట్టకండి, గోడ నుంచి ప్లగ్ పీకేయండి. ముఖ్యంగా వేసవి సెలవుల్లో. వైశాఖంలో పడే పిడుగులకు యూపీఎస్ అడ్డు నిలవదు. ఇంటర్నెట్ గాజుతీగ పిడుగును మోసుకురాదు గానీ, రౌటర్ అడాప్టరూ, రౌటర్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే రాగి తీగా మోసుకొస్తాయి. ఆ రెండూ తీసేయాలి.

విండోస్ 10 వాడుతున్నవారికి క్లుప్తంగా ఒక మాట. దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్నవారికి 2026 అక్టోబర్ 13 వరకు అదనపు గడువు ఉంది. విండోస్ 11కు మారాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఉందో లేదో నాకు చూపిస్తే చెబుతాను.

ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లేవాళ్లు, డిస్కులోని ఫైళ్లకు విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం సంఖ్య రాసిపెట్టుకోవాలి. అందులో 48 అంకెలుంటాయి. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. ఎక్కడో మరమ్మతు చేయించాక కంప్యూటర్ ఆ సంఖ్య అడిగితే, అది లేనిదే నేనైనా, ఎవరైనా లోపలి ఫైళ్లు తీసి ఇవ్వలేం. మధురపూడిలో, అంటే రాజమండ్రి విమానాశ్రయంలో, విమానం ఎక్కేవాళ్లు పవర్ బ్యాంకును చేతిసంచిలోనే పెట్టుకోండి, సామానులో వేయనివ్వరు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లు, అంటే విమానంలో అనుమతించే 100 వాట్ అవర్ల హద్దుకు లోపలే.

పాపికొండలు వెళ్లేవాళ్లు టికెట్ల, ఆధార్ ఫొటోలు ఫోనులోనే దాచుకోండి, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కొండల మధ్యకు వెళ్లాక సిగ్నల్ ఉండదు. సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోను బ్యాటరీ కరిగిపోతుంది కాబట్టి ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. కెమెరా పనిచేస్తుంది, చాలా ఫోన్లలో జీపీఎస్ కూడా. ఆ పడవ మీద నేను చూసిన పొద్దుటి వెలుగు ఏ ఫోర్‌కే‌లోనూ పట్టుబడదు. రెండు కొండల మధ్య నది సన్నబడి, నీరు నల్లగా, నిశ్శబ్దంగా కదులుతుంటే పడవలో పాటలు వాటంతటవే ఆగిపోతాయి. అయితే 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని ఎవరం మరచిపోలేం. ఫొటో కోసం లైఫ్ జాకెట్ విప్పకండి. పిల్లలది అసలే విప్పనివ్వకండి.

ఫోల్డర్లకు పేర్లు తెలుగులోనే పెట్టండి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లోనే కంప్యూటర్‌తోపాటు గౌతమి అనే తెలుగు ఖతి (ఫాంట్) వచ్చింది, మన గోదావరి పాయ పేరుతోనే. కీబోర్డుకు తెలుగు చేర్చుకుంటే విండోస్ మీటా, స్పేసూ కలిపి నొక్కగానే భాష మారుతుంది. "కోటిపల్లి రేవు", "కోరంగి మడ అడవి", "ద్రాక్షారామం, అమ్మమ్మతో" అని పేర్లు పెట్టి, ముందు సంవత్సరం వేస్తే చాలు, వెతికితే క్షణంలో దొరుకుతాయి. పాత డీటీపీ ఖతుల్లో రాసినవి ఇలా వెతికితే దొరకవు. అలాంటి ఊరి చరిత్రలు, ఆహ్వాన పత్రికలు మీ ఇళ్లలో ఉంటే, ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. డబ్బు తీసుకోను.

ఈ బల్ల మీది ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు ఒక పెన్ డ్రైవును ఎక్స్‌ఫాట్‌కు మార్చి చూపిస్తాను. మీ వెంట పెన్ డ్రైవులు తెచ్చుకున్నవారు ముందు వరసలోకి రండి. లోపల ఫొటోలు ఉన్నవి నాకు విడిగా ఇవ్వండి, వాటిని ముందు కాపీ చేద్దాం.