ఈవీకి కిలోమీటరుకి రూపాయేనా? మా ఇంటి కరెంటు బిల్లు ఏం చెప్తోందంటే...

నమస్తే అండీ. ఇదిగో, నా చేతిలో ఉన్నది మా ఇంటి కరెంటు బిల్లు. కారు రివ్యూ అని పిలిచి కరెంటు బిల్లు చూపిస్తున్నాడేంటి అనుకోకండి. షోరూంలో ఈవీ, అంటే ఎలక్ట్రిక్ కారు, చూపిస్తూ "కిలోమీటరుకి రూపాయే సార్" అంటారు కదా, ఆ రూపాయి సంగతి తేలేది ఇక్కడే.

నాది 45 కిలోవాట్ అవర్ (అంటే 45 యూనిట్ల) బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కాంపాక్ట్ ఎస్‌యూవీ. అంతకుముందు ఇదే సైజు పెట్రోల్ బండి ఉండేది. హైదరాబాద్‌లో ఇల్లు, ఆఫీసు, అటూ ఇటూ కలిపి నెలకి 1,200 కిలోమీటర్లు తిరుగుతాను. ట్రాఫిక్‌లో పెట్రోల్ బండి లీటరుకి 13 ఇచ్చేది. లీటరు 107 రూపాయల 50 పైసలు వేసుకున్నా నెలకి 9,900 దాటుతుంది. అంటే కిలోమీటరుకి 8 రూపాయల పైనే.

ఇక ఈవీ. మీటరులో ఒక యూనిట్ తిరిగితే నాకు ఆరున్నర కిలోమీటర్లు వస్తున్నాయి. కారు స్క్రీన్ మాత్రం ఏడు పైనే చూపిస్తుంది. దాన్ని పట్టుకుని లెక్కేయకండి. ఛార్జింగ్ పెట్టినప్పుడు కొంత కరెంటు వేడి రూపంలో పోతుంది, దానికీ డబ్బు కట్టేది మనమే. కాబట్టి 1,200 కిలోమీటర్లకి దాదాపు 185 యూనిట్లు.

ఇప్పుడు బిల్లు దగ్గరికి రండి. కారు లేనప్పుడు మాకు 250 యూనిట్లు వచ్చేవి. తెలంగాణలో 200 దాటితే మొదటి 200కి యూనిట్ 5 రూపాయల 10 పైసలు, 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా తొమ్మిదిన్నర. కారు యూనిట్లు వచ్చి కూర్చునేది ఈ పై స్లాబుల్లోనే! మొత్తం 435కి చేరింది. కారు వల్ల పెరిగిన ఎనర్జీ ఛార్జీ ఒక్కటే 1,617 రూపాయలు. కిలోమీటరుకి 1 రూపాయి 35 పైసలు. షోరూం వాళ్లు మరీ అబద్ధమేం చెప్పలేదు, కానీ మన స్లాబు వాళ్లకేం తెలుసు?

ఈవీకి విడిగా మీటరు తీసుకుంటే ఇక్కడ యూనిట్ 6 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు పక్కన పెడితే రూపాయి లోపే పడుతుంది. 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం విడి కనెక్షన్ అడగొచ్చు కూడా. అపార్ట్‌మెంట్ అయితే ముందు అసోసియేషన్‌ని ఒప్పించాలి. మా ప్రెసిడెంట్ అంకుల్ "బాబూ, సెల్లార్‌లో మంటలొస్తే ఎవరిది పూచీ?" అన్నారు. ఆ మాట మీదే మూడు మీటింగులు నడిచాయి.

ఊరికెళ్తే లెక్క మారిపోతుంది. విజయవాడ రూట్‌లో సూర్యాపేట దగ్గర ఫాస్ట్ ఛార్జర్‌కి నేను కట్టింది యూనిట్‌కి 22 రూపాయలు, జీఎస్టీతో కలిపి. హైవే స్పీడులో యూనిట్‌కి ఆరు కిలోమీటర్లే వచ్చింది. కిలోమీటరుకి మూడు రూపాయల డెబ్బై పైసలు. పెట్రోల్ బండి అదే రోడ్డు మీద లీటరుకి 17 ఇస్తుంది, అంటే ఆరు రూపాయల ముప్ఫై పైసలు. ఇంట్లో ఛార్జింగ్ పాయింట్ లేకుండా రోజూ బయట ఛార్జర్ల మీదే బతకాలనుకుంటే మాత్రం, నా మాట విని ఆగండి.

సర్వీసు ఖర్చు తక్కువే. ఇంజిన్ ఆయిల్ లేదు, స్పార్క్ ప్లగ్‌లు లేవు. రీజెన్ (బండి నెమ్మదించేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీకి కరెంటు తిరిగి పంపడం) వల్ల బ్రేక్ ప్యాడ్‌లూ నిదానంగా అరుగుతాయి. టైర్ల దగ్గర మాత్రం బండి బరువు, టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) రెండూ కలిసి మన జేబుకి చిల్లు పెడతాయి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ సంగతి చాలామంది చెప్పరు. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో 1,000 నుంచి 1,500 సీసీ పెట్రోల్ కారుకి ఏడాదికి 3,416 రూపాయలు. మోటారు 65 కిలోవాట్లు దాటిన ఈవీకి 6,712. నాది దాటింది.

ఒకరోజు పొద్దున సెల్లార్‌లోకి వెళ్తే కారు అసలు స్పందించలేదు. పెద్ద బ్యాటరీలో 70 శాతం ఛార్జ్ ఉంది, అయినా డోర్ కూడా తెరుచుకోలేదు. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. తీరా చూస్తే చచ్చింది చిన్న 12 వోల్టుల బ్యాటరీ, మామూలు కార్లలో ఉండేలాంటిదే. అది లేనిదే పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్ పడదు. సర్వీస్ సెంటర్ వాళ్లు టో చేయించుకు రమ్మన్నారు. పక్క సందులో బ్యాటరీల షాపు కుర్రాడు వచ్చి, రిమోట్ కీలో దాగి ఉన్న మామూలు తాళంచెవితో డోర్ తీసి, జంపర్ కేబుల్ తగిలించాడు. పది నిమిషాల పని.

మరి కొనాలా? నా తిరుగుడుకి నెలకి 8,300 మిగులుతోంది, ఏడాదికి దాదాపు లక్ష. పెట్రోల్ వేరియంట్ కన్నా మూడున్నర లక్షలు ఎక్కువ పెట్టి కొన్నా మూడున్నరేళ్లలో తిరిగొచ్చేస్తుంది. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా ఈవీకి రోడ్ టాక్స్ లేదు కాబట్టి ఆ తేడా ఇంకా తగ్గొచ్చు. అదే నెలకి 400 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి మిగిలేది 2,800. అదే మూడున్నర లక్షలు రాబట్టడానికి పదేళ్లు పడుతుంది. బ్యాటరీకి మామూలుగా ఇచ్చే వారంటీ ఎనిమిదేళ్లే.

మీ నెలవారీ యూనిట్లు, మీరు తిరిగే కిలోమీటర్లు కామెంట్‌లో పెట్టండి, స్లాబుతో సహా లెక్కేసి చెప్తా.