నేల లోపలి తలుపు

శ్రోతలకు నమస్కారం.

1995 జనవరి 8. సంక్రాంతి ఇంకో వారంలో ఉందనగా, అమలాపురం దగ్గర పాశర్లపూడిలో తవ్వుతున్న బావి నుంచి గ్యాసు ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది, మంట అంటుకుంది. అది ఆరడానికి 65 రోజులు పట్టింది. కొబ్బరి తోటల మధ్య పండగ పనుల్లో ఉన్నవాళ్లు కట్టుబట్టలతో ఊళ్లు వదిలి వెళ్లారు. ఆ రోజుల్లో కోనసీమలో ఉన్నవాళ్లను అడిగితే ముందుగా ఆ హోరు గురించే చెబుతారు.

అది తవ్వకం సమయంలో జరిగిన ప్రమాదం. అప్పుడు బావి మూతి మీద కాపలా ఉండే పరికరం వేరు. నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నది ఆ తర్వాతి దశ గురించి. తవ్వకం ముగిసింది, రిగ్గు విప్పుకొని వెళ్లిపోయారు, బావి నుంచి ఏళ్ల తరబడి గ్యాసు వస్తూనే ఉంటుంది. పక్కనే మడి చెక్కలు, పిల్లలు బడికి వెళ్లే దారి. అలాంటి చోట బావిని అదుపులో పెట్టేది ఏమిటి?

కంచె అవతలి నుంచి చూస్తే చక్రాల్లాంటి పిడులున్న వాల్వులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. ఆకారాన్ని బట్టి దానికి క్రిస్మస్ ట్రీ అని పేరు వచ్చింది. బావిని తెరవడం, మూయడం, వాయువును గొట్టంలోకి మళ్లించడం దాని పని. కానీ అది నేల మీద ఉంది. ఏదైనా వాహనం గుద్దుకోవచ్చు, పక్కన మంట లేవవచ్చు. సముద్రంలో అయితే ఓడ వచ్చి తగలవచ్చు. ఆ చెట్టే కూలిపోతే?

అందుకే నేల లోపల, బావి గొట్టంలోనే, ఇంకొక తలుపు పెడతారు. అదీ ఒక వాల్వే, పేరు సబ్‌సర్ఫేస్ సేఫ్టీ వాల్వు. సముద్రంలోని బావులకు అమెరికా నిబంధనల ప్రకారం అది సముద్రపు అడుగు నుంచి కనీసం 100 అడుగుల లోతున ఉండాలి. పైన ఏం జరిగినా దాని జోలికి రాకూడదని.

రైతులకు ఫుట్ వాల్వు బాగా తెలుసు. మోటారు ఆగినా గొట్టంలోని నీళ్లు కిందికి జారిపోకుండా ఆపే రేకు. నీరు పైకి వచ్చేటప్పుడు తెరుచుకుంటుంది, నీటి బరువు మీద పడితే మూసుకుంటుంది. ఈ తలుపు సరిగ్గా దానికి తిరగేసినట్టు ఉంటుంది. ఇది కిందికి తెరుచుకుంటుంది. కింది నుంచి తోసేకొద్దీ ఇంకా గట్టిగా మూసుకుంటుంది. మూడు కిలోమీటర్ల లోతున రాళ్లలో ఉన్న ఒత్తిడి మామూలుగానే చదరపు సెంటీమీటరుకు 300 కిలోల దాకా ఉంటుంది. కారు టైరులో ఉండేది 2 కిలోల చిల్లర. ఆ ఒత్తిడితో తలపడకుండా, దాని బలంతోనే తలుపు బిగిసేట్టు చేశారు. నాకు ఈ వాల్వులో ఎప్పటికీ ముచ్చటగా అనిపించేది ఇదే.

మరి తెరుచుకొని ఉండేది ఎలా? ఒక వర్క్‌షాపులో దీన్ని బల్ల మీద పరీక్షిస్తుంటే దగ్గరగా చూశాను. వాల్వు పక్క నుంచి పెన్సిలు కన్నా సన్నని స్టీలు గొట్టం వస్తుంది. ఒకతను చేతిపంపుతో అందులోకి హైడ్రాలిక్ ఆయిలు ఎక్కిస్తున్నాడు. లోపలి గొట్టం మెల్లగా కిందికి జరిగి, బలమైన స్ప్రింగును అణచి, రేకును పక్కకు ఒత్తేసింది. అవతలి వెలుతురు కనిపించింది. అతను పంపు మర విప్పి ఆయిలు వదిలేశాడు. స్ప్రింగు లేచింది, రేకు టక్కున పడింది, వెలుతురు పోయింది.

అంటే ఆ తలుపు సహజ స్థితి మూసి ఉండటమే. బావి పనిచేసినన్నాళ్లూ పైనుంచి ఒత్తిడి పెడుతూ దాన్ని తెరిచి ఉంచాలి. ఒత్తిడి పోతే, ఏ కారణంతో పోయినా సరే, మూసుకుంటుంది. ఆ సన్నని గొట్టాన్ని క్రిస్మస్ ట్రీ దగ్గర తెగ్గొట్టినా మూసుకుంటుంది. దీన్ని నడిపే వ్యవస్థలో, మంట తగలగల చోట్ల, తక్కువ వేడికే కరిగే లోహంతో చేసిన బిరడాలు పెడతారు. నిప్పు రాగానే బిరడా కరుగుతుంది, ఒత్తిడి జారిపోతుంది, బావి మూతపడుతుంది. మనిషి పరుగెత్తుకొని వచ్చి చక్రం తిప్పాల్సిన పని లేదు.

పాత వాల్వులు కొన్ని ఇలా ఉండేవి కావు. ప్రవాహం మామూలు కన్నా ఎక్కువైతేనే మూసుకునేవి. చిన్న పగులు నుంచి కొంచెం కొంచెంగా గ్యాసు పోతుంటే వాటికి తెలిసేది కాదు.

వాల్వును ఇంకా లోతుకు దించితే ఇంకా భద్రం కదా అని మీరు అడగవచ్చు. అక్కడే చిక్కు. సన్నని గొట్టంలో నిలిచిన ఆయిలుకూ బరువు ఉంటుంది. వెయ్యి మీటర్ల లోతున ఆ బరువు ఒక్కటే చదరపు సెంటీమీటరుకు 80 కిలోలు దాటుతుంది. పైన ఒత్తిడి పూర్తిగా తీసేసినా అది కిందికి తోస్తూనే ఉంటుంది. స్ప్రింగు దాన్ని ఎత్తలేకపోతే తలుపు మూతపడదు. అందుకే బాగా లోతున దించే కొన్నింటిలో బిగించిన నైట్రోజన్ వాయువును స్ప్రింగుకు తోడు ఇస్తారు.

ఒకసారి మూసుకున్న తలుపును మళ్లీ తెరవడానికి బలం పనికిరాదు. కింద అంత ఒత్తిడి, పైన ఖాళీ. తొందరపడి తోస్తే రేకో కీలో దెబ్బతింటుంది. మామూలుగా ముందు రెండు వైపులా ఒత్తిడిని సమం చేస్తారు. అప్పుడు అదే రేకు మెత్తగా పక్కకు తప్పుకుంటుంది.

ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న తలుపు అవసరం వచ్చిన రోజున మూసుకుంటుందా అన్నది అసలు ప్రశ్న. ఒక ఇసుక రేణువు రేకు అంచున ఇరుక్కుంటే చాలు, కారుతుంది. ఉప్పు పేరుకున్నా అంతే. అందుకే ఆరు నెలలకొకసారి పరీక్ష. అమెరికా ప్రమాణం నిమిషానికి 15 ఘనపుటడుగుల దాకా, అంటే దాదాపు 425 లీటర్ల గ్యాసు దాకా కారినా ఒప్పుకుంటుంది. వినడానికి ఎక్కువే. కానీ రోజుకు లక్ష ఘనపు మీటర్లు ఇచ్చే బావి నుంచి నిమిషానికి వచ్చేది 69 వేల లీటర్లు.

పరీక్ష చూడటానికి ఏమీ ఉండదు. లోపలి తలుపు మూస్తారు. దాని పైన గొట్టంలో మిగిలిన గ్యాసును వదిలేసి పైవాల్వు బిగిస్తారు. ఇక ప్రెషర్ గేజి ముందు నిలబడి గడియారం చూసుకోవడమే. లోపల కారుతుంటే ముల్లు మెల్లగా పైకి లేస్తుంది. ఎండలో చెమటలు కారుతున్నా ఎవరూ నీడకు జరగరు. నిమిషాలు గడుస్తాయి. ముల్లు ఉన్నచోటే ఉంటే, చేతిలో పుస్తకం ఉన్నతను ఆ అంకె రాసుకొని పక్క బావికి నడుస్తాడు.