లోపలి స్కానింగ్: ముందే చెప్తే సగం టెన్షన్ పోతుంది

(నల్లగొండ స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

వ్యాఖ్యాత: నెల తప్పిన కొత్తలో చేసే లోపలి స్కానింగ్ గురించి మీ ఊళ్లలో ఏమనుకుంటారు అక్కా?

ఆశా కార్యకర్త: మా దేవరకొండ తండాల్లో దాని పేరు కూడా ఎత్తరు సార్. "కింద నుంచి చేస్తరంట గదా, నేను పోను" అంటారు. లోపల కదిలిస్తే గర్భం పోతుందని అత్తల భయం.

డాక్టర్: పోదు. యోనిలో పెట్టే స్కానింగ్ కడ్డీని ప్రోబ్ అంటాం. అది గర్భసంచి మూతి దగ్గరే ఆగుతుంది, సంచిలోకి వెళ్లదు. అందులో ఉండేవి ధ్వని తరంగాలే, ఎక్స్‌రే కాదు. అసలు ఈ మాట ఎందుకు పుట్టిందంటే, రక్తం కనపడిందనే చాలామంది స్కానింగ్‌కు వస్తారు. ఆ గర్భం నిలవకపోతే నింద స్కానింగ్ మీద పడుతుంది.

వ్యాఖ్యాత: పొట్ట మీద నుంచి చూస్తే సరిపోదా?

డాక్టర్: 5 వారాలకు బిడ్డ పెరిగే తిత్తి, 6 వారాల ప్రాంతంలో గుండె కొట్టుకోవడం లోపలి నుంచైతే బాగా తెలుస్తాయి. గర్భసంచిలో కాకుండా పక్కనున్న ట్యూబులో గర్భం ఉంటే తొందరగా పట్టుకోవాలి. అది పగిలితే ప్రాణం మీదికొస్తుంది.

తల్లి: నాకు గర్భం పోతుందన్న భయం లేదు మేడమ్. నీళ్లు తాగి రమ్మన్నారు, ఉచ్చ ఆపుకొని చాలాసేపు కూర్చున్నా. తీరా లోపలికి వెళ్లాక, "బాత్రూంకు పోయొచ్చి ప్యాంటు తీసెయ్" అన్నారు. ఎందుకో ఒక్కరూ చెప్పలేదు. తలుపు సరిగా వేయలేదు, మనుషులు వచ్చి పోతున్నారు. నొప్పి పెద్దగా లేదు. కానీ ఆ రాత్రి మా ఆయనకు కూడా చెప్పుకోలేకపోయాను.

డాక్టర్: అట్లా చేయడం తప్పమ్మా, కచ్చితంగా తప్పు. పొట్ట మీది స్కానింగ్‌కు మూత్రం నిండుగా ఉండాలి, లోపలి దానికి ఖాళీగా ఉండాలి. ఆ సంగతి బయట కూర్చున్నప్పుడే చెప్పాలి. ప్రోబ్‌కు కొత్త తొడుగు వేయాలి, నడుము కింద దుప్పటి కప్పాలి. కావాలంటే ప్రోబ్ మీరే పెట్టుకోవచ్చు. ఆపమంటే ఆపాలి. చేసేది మగ డాక్టరైతే గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తెచ్చిన రోగుల హక్కుల పత్రంలో కూడా ఈ ఆడమనిషి ఉండాలన్న మాట ఉంది.

తల్లి: వద్దంటే తిడతారేమోనని నోరెత్తలేదు.

డాక్టర్: వద్దనొచ్చు. ఇబ్బందేమీ లేకపోతే కొన్నాళ్లాగి పొట్ట మీద నుంచే చూస్తాం. కానీ ఒక పక్క నొప్పి, రక్తం పోవడం, కళ్లు తిరగడం, భుజం లాగడం ఉంటే మాత్రం ఆగొద్దు.

ఆశా కార్యకర్త: నేనైతే చీర కట్టుకొని రమ్మంటాను మేడమ్. పైకి జరిపితే చాలు, మొత్తం విప్పే పని ఉండదు. వాళ్లు ఒప్పుకుంటే నేనూ లోపలికి వెళ్లి పక్కన నిలబడతాను.

డాక్టర్: మా దగ్గరికి వస్తే తప్పకుండా రండి, నేను రానిస్తాను.